‘పంపాం’ నుంచి ‘అందింది’ దాకా

2018 చివర్లో కోపెన్‌హాగన్ వెళ్లి యూనిసెఫ్ సప్లై డివిజన్‌లో కమ్యూనికేషన్స్ బాధ్యత తీసుకున్న వారమే అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, ఎక్కడ భూకంపం వచ్చినా, ఎక్కడ యుద్ధం వచ్చినా పిల్లలకు కావాల్సిన సరుకు ఇక్కడి నుంచే పంపుతారు" అని సంబరంగా చెప్పాను. అమ్మ అంతా విని, "పంపుతారు సరే పాపా, అందుతాయా?" అంది.

మా అమ్మ కదిరి దగ్గర ఒక పల్లెలో ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసింది. ఆమె స్టాకు రిజిస్టరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆఫీసులో లారీకెత్తినట్టు రాసుకున్న సరుకు ఒకటి, సెంటర్ గడప ముందు దిగిన సరుకు ఒకటి, పిల్లోడి గిన్నెలో పడిన సరుకు ఒకటి. ఈ మూడూ ఒకటేనని ఆమె ఏనాడూ అనుకోలేదు. వంక పొంగితే రెండోది ఆగిపోయేది. వానకు కట్టెలు తడిసిపోతే మూడోది ఆగిపోయేది. దాదాపు నాలుగేళ్ల ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. అది నాకు బుర్రకెక్కడానికి ముందు ఒక తప్పు జరిగింది. దాని గురించి చెప్పే ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి.

యూనిసెఫ్ అనగానే మనకు పోలియో చుక్కల పోస్టరు, లేత నీలం బ్యానరు గుర్తొస్తాయి. దాని వెనక ఇంత పెద్ద కొనుగోళ్ల విభాగం ఉంటుందని, అది డెన్మార్క్‌లో ఉంటుందని ఉద్యోగ ప్రకటన చూసేదాకా నాకూ తెలియదు. కోపెన్‌హాగన్ రేవు పక్కన నార్డ్‌హావ్న్‌లో యూఎన్ సిటీ అని ఎనిమిది కొసల నక్షత్రంలా కట్టిన తెల్లటి భవనం ఉంది. మా ఆఫీసు అందులోనే. అక్కడి నుంచి సముద్రం వైపు ఇంకాస్త పోతే గోదాము. దాదాపు 20,000 చదరపు మీటర్లు. సహాయ సామగ్రి దాచే గోదాముల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. ఎత్తైన ర్యాకుల మధ్య మనిషన్నవాడు కనపడడు. కంప్యూటర్ చెప్పినట్టు క్రేన్లే అటూ ఇటూ తిరుగుతూ పై అరల్లోంచి ప్యాలెట్లు దించుతుంటాయి. ఎక్కడైనా విపత్తు వస్తే 72 గంటల్లోపు సరుకు కదిలి అక్కడికి చేరేలా ముందే సర్ది పెట్టుకుంటారు.

పక్క హాల్లో మాత్రం మనుషులే పనిచేస్తారు. రోలర్ల బల్ల మీద ఖాళీ పెట్టె ముందుకు కదులుతుంటే ఒకరు పెన్సిళ్లు వేస్తారు, ఒకరు రబ్బర్లు, ఒకరు కత్తెర్లు, ఒకరు నోటుపుస్తకాలు. చివరికొచ్చేసరికి అది ఒక బడి అవుతుంది. ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అంటారు. ఒక టీచరు, 40 మంది పిల్లలు చెట్టు కిందైనా పాఠం మొదలుపెట్టడానికి సరిపడా సామాను. పెట్టె మూతకు నల్లరంగు పూస్తే అదే బ్లాక్‌బోర్డు. నేనొక నోటుపుస్తకం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. గీతలున్నాయి గానీ పక్కన మార్జిన్ లేదు. ఖర్చు తగ్గించడానికేమో అనుకున్నాను. పెట్టెలు సర్దే ఆవిడ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఈ వైపు నుంచి తెరిచి చూపించింది, మళ్లీ ఆ వైపు నుంచి తెరిచి చూపించింది. కొందరు పిల్లలు ఎడమ నుంచి రాస్తారు, అరబ్బీ లాంటివి రాసే పిల్లలు కుడి నుంచి రాస్తారు. మార్జిన్ ఒక పక్కన కొడితే రెండో బిడ్డకు అది ఎప్పుడూ తప్పు పక్కనే ఉంటుంది. ఆ చిన్న గీత గురించి ఎవరో కూర్చుని ఆలోచించారు. ఆ రోజు ఇంటికి సైకిల్ తొక్కుకుంటూ పోతున్నంతసేపూ నాకదే గుర్తొస్తూ ఉంది. నా పని ఇలాంటివి బయటి మనుషులకు చెప్పడం కదా అనిపించి చాలా సంతోషం వేసింది.

అమ్మకు ఫోన్లో నేను చెప్పిన మాట మాత్రం సగమే నిజం. సరుకంతా ఇక్కడి నుంచి పోదు. దుబాయ్‌లో, పనామాలో కూడా నిల్వలున్నాయి. వ్యాక్సిన్లయితే చాలావరకు కోపెన్‌హాగన్ ముఖమే చూడవు. తయారైన చోటి నుంచి నేరుగా విమానంలో ఆ దేశానికి పోతాయి. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 45 శాతం మందికి వేసే టీకాలు యూనిసెఫ్ కొని ఇచ్చేవే. వాటిలో మన హైదరాబాద్ వాటా చిన్నది కాదు. పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా హైదరాబాద్ అనే ఊరు ఉంది. 2016లో మందులకు లొంగని టైఫాయిడ్ మొదట అక్కడే బయటపడింది. 2019 నవంబరులో సింధ్‌లో లక్షలాది పిల్లలకు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేశారు. మామూలు టీకాల పట్టికలోకి దాన్ని చేర్చుకున్న మొదటి దేశం పాకిస్తానే. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం ఉన్న అలాంటి టీకా ఒక్కటే, మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసేది. ఈ హైదరాబాద్ నుంచి ఆ హైదరాబాద్‌కు అనుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది. రెండు దేశాల మధ్య అప్పుడున్న పరిస్థితి మనందరికీ తెలుసు. టీకా సీసా మీద చిన్న గుండ్రని గుర్తు, దాని లోపల ఒక చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ లోపలి చదరం నల్లబడుతుంది. బయటి గుండ్రం కన్నా లేతగా ఉన్నంతవరకే ఆ సీసా పనికొస్తుంది. సరిహద్దుల మాటెలా ఉన్నా ఆ సీసాకు కావాల్సింది చల్లదనమే.

ఇక నా తప్పు.

చేరి నాలుగైదు నెలలైంది. ఒక దేశంలో తుఫాను తర్వాత మా చార్టర్ విమానం దిగింది. దిగిన ఫొటో సాయంత్రానికి వచ్చింది. విలేకరులు వరసగా ఫోన్లు చేస్తున్నారు. నేను హడావిడిగా ఒక ప్రకటన రాశాను. ఇన్ని వేల మంది పిల్లలకు మందులు, నీళ్లు శుద్ధి చేసే మాత్రలు అందాయని అందులో ఉంది. లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. పెద్దవాళ్లు చూశారు, సరేనన్నారు, బయటికి పోయింది. పేపర్లలో బాగా వచ్చింది.

మర్నాడు ఆ దేశం నుంచి ఒక సహోద్యోగి ఫోన్ చేసింది. ఆమె ఈ ఉద్యోగానికి రాకముందు నర్సు. కోపంగా లేదు, అలసిపోయి ఉంది. "మీరు రాసింది ఇక్కడ రేడియోలో చదివారు. తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని బురదలో నడిచి హెల్త్ సెంటర్‌కు వచ్చారు. సరుకు ఇంకా విమానాశ్రయంలోనే ఉంది. రోడ్డు తెగిపోయింది. ఇంకా రాలేదని నర్సు చెబితే ఎవరూ నమ్మలేదు. ఆమే దాచుకుందన్నారు."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఈ కథ నేను ముందే చూశాను. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక నెల నూనె ప్యాకెట్లు రాలేదు. వచ్చాయని మండలంలో ఎవరో చెప్పారట. నలుగురు ఆడవాళ్లు మా ఇంటి ముందుకొచ్చి అమ్మను నిలదీశారు. అమ్మ రిజిస్టరు తెచ్చి చూపించింది. వాళ్లకు చదవడం రాదు. అప్పుడు వంటింటి తలుపు తీసి, లోపలికొచ్చి చూసుకోండి అక్కా అంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. అంత దూరంలో, నేను ముఖం కూడా చూడని ఒక నర్సును ఒక్క క్రియాపదంతో నేను అదే గడప ముందు నిలబెట్టాను.

ఆ వారం పసుపు రంగు చీటీ మీద తెలుగులో మూడు మాటలు రాసి కంప్యూటర్ అంచుకు అతికించుకున్నాను. పంపాం. చేరింది. అందింది. ఇంగ్లీషులో ‘డెలివర్డ్’ అన్న ఒక్క మాట వెనక రెండు మాటలనూ మింగేస్తుంది. మనకైతే తేడా వెంటనే తెలిసిపోతుంది. విమానాశ్రయానికి సరుకు చేరుతుంది. బిడ్డకే అందుతుంది. మా టీంలో డెన్మార్క్, కెన్యా, ఫిలిప్పీన్స్ వాళ్లు ఉండేవాళ్లు. చీటీ ఏమిటని అడిగితే చెప్పాను. అప్పటి నుంచి ఏ వాక్యం రాసినా సరుకు ఇప్పుడు ఈ మూడింటిలో ఎక్కడుందని అడిగి తెలుసుకున్నాకే రాసేవాళ్లం. రవాణా చూసేవాళ్లు చాలా సంతోషించారు. ఏ కంటైనర్ ఏ రేవులో ఉందో వాళ్లకు రోజూ తెలుసు. అప్పటిదాకా మేమే అంత వివరంగా అడగలేదు. విరాళాలు సేకరించే వైపు నుంచి మాత్రం కొంత ఇబ్బంది వచ్చింది. ‘పిల్లలకు అందాయి’ అన్న చోట ‘రేవుకు చేరాయి, ఇంకా 600 కిలోమీటర్లు పోవాలి’ అని రాస్తే వాక్యం బలం తగ్గుతుందన్నారు. ఆ మాటను నేను ఒప్పుకోలేకపోయాను. ఇంకా 600 కిలోమీటర్లు పోవాలని తెలిస్తే లారీ ఖర్చుకు కూడా డబ్బు కావాలని ఇచ్చేవాళ్లకు అర్థమవుతుంది కదా!

మేం చేసిన రెండో మార్పు, టన్నుల లెక్క మానేయడం. మా పత్రాలన్నీ టన్నుల్లో ఉండేవి. ఇన్ని టన్నుల సామగ్రి అంటే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది? ఇది నాకు ఆర్‌యూటీఎఫ్ దగ్గర తట్టింది. తీవ్రమైన పోషకాహార లోపంతో చిక్కిపోయిన పిల్లలకు ఇచ్చే ముద్ద అది. వేరుశెనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు కలిపి 1990ల మధ్యలో ఫ్రాన్స్‌లో తయారుచేశారు. ఒక్కో ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు. వండక్కర్లేదు, నీళ్లు కలపక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. నీళ్లే మురికిగా ఉన్న చోట ఇది ఎంత పెద్ద విషయమో పాలపొడి కలిపి పట్టిన ఏ తల్లినడిగినా చెబుతుంది. ప్రపంచంలో తయారయ్యే దాంట్లో ఎక్కువ భాగం కొనేది యూనిసెఫే.

ఒకరోజు నేను ఒక ప్యాకెట్ మూల చించి వేలితో కొంచెం నాలుక మీద వేసుకున్నాను. అనంతపురం జిల్లా పిల్లకు చెనిక్కాయ రుచి చెప్పాలా? అవ్వ రోట్లో బెల్లం వేసి దంచిన పప్పుండ ముద్ద అవ్వకముందు ఎలా ఉంటుందో అలా ఉంది, దానికన్నా మెత్తగా, పాల వాసనతో. చిక్కిపోయి నీరసించిన బిడ్డ కూడా దీన్ని ఎందుకు చీకుతుందో అప్పుడు తెలిసింది. మన దేశంలో ఈ ప్యాకెట్ల మీద వాదన ఉంది, ఇంటి తిండే మేలని. మా అమ్మ కూడా అదే అంటుంది, గుడ్డు, పప్పు ఉన్న చోట ఆమె మాటే సరైనదని నేనూ అనుకుంటాను. కానీ పొయ్యి వెలిగించే ఇల్లే లేని చోట ఈ ప్యాకెట్ బిడ్డను నిలబెడుతుంది.

ఒక పెట్టెలో 150 ప్యాకెట్లు. ఒక బిడ్డ కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడితే, సుమారుగా ఒక పెట్టె సరిపోతుంది. అంటే పెట్టెకో బిడ్డ. ఇది నాకు దొరికిన తర్వాత టన్నులతో పని లేకపోయింది. అట్ట బరువు పక్కన పెడితే టన్ను అంటే డెబ్బై పైచిలుకు పిల్లలు. ఫొటోలో లారీ చూపిస్తే కింద ఎన్ని పెట్టెలో రాసేవాళ్లం. చిక్కిపోయిన బిడ్డ ముఖాన్ని దగ్గర నుంచి చూపించే ఫొటోలు తగ్గించాం. ఆ బిడ్డ పెద్దయ్యాక తన ఫొటో తను చూసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి అని ఫొటోగ్రాఫర్లను అడిగేదాన్ని. పెట్టె చాలు, దాన్ని మోసుకొచ్చిన మనిషి చాలు.

2020 మార్చి వచ్చింది. ఆఫీసు మూసేశారు. టీకాల్లో చాలా భాగం ప్రయాణికుల విమానాల కింది అరల్లో పోతాయని అప్పటిదాకా బయట పెద్దగా ఎవరికీ తెలియదు. విమానాలు ఆగిపోయేసరికి అనుకున్న రవాణా 70 నుంచి 80 శాతం పడిపోయింది. కోవిడ్ వార్తల మధ్య తట్టు టీకా ఆగిపోయిందన్న వార్తకు చోటు సంపాదించడానికి నేనూ మా టీమూ చేయని ప్రయత్నం లేదు.

ఆ అక్టోబరులో సిరంజీల సంగతి చెప్పాల్సి వచ్చింది. ఏడాది చివరికి 52 కోట్ల సిరంజీలు గోదాముల్లో సిద్ధం చేస్తామని, 2021 చివరికి వంద కోట్లు కావాలని యూనిసెఫ్ ప్రకటించింది. వ్యాక్సినే లేదు, సిరంజీలెందుకని ఫోన్ల మీద ఫోన్లు. జవాబు మా వాళ్ల రోజువారీ లెక్కల్లోనే ఉంది. టీకా వేడికి ఆగదు, కాబట్టి విమానంలో పోతుంది. సిరంజీ చెడిపోదు, ఐదేళ్లు ఉంటుంది, కానీ చోటు చాలా తింటుంది, కాబట్టి ఓడలో పోవాలి, వారాలు పడుతుంది. టీకా వచ్చాక ఓడ బయల్దేరితే సీసాలు ఫ్రిజ్‌లో కూర్చుని సూది కోసం ఎదురుచూస్తాయి. పెళ్లివారు దిగాక విస్తరాకులకు మనిషిని పంపినట్టు అవుతుందని అమ్మకు చెప్పాను. అమ్మ వెంటనే, "మరి వాడిన సూదులు ఏడ పారేస్తారు?" అంది. దానికీ లెక్క ఉంది. వంద సిరంజీలకు ఒక సేఫ్టీ బాక్సు. 50 లక్షల బాక్సులు కొంటున్నామన్న సంగతి మా ప్రకటనలో ఎక్కడో అడుగున ఉంటే, అమ్మ అడిగాక విలేకరులతో మాట్లాడిన ప్రతిసారీ ముందే చెప్పాను.

2021 ఫిబ్రవరి 24న ఘానా రాజధాని అక్రాలో కోవాక్స్ మొదటి సరుకు దిగింది. కోవిడ్ టీకాలు పేద దేశాలకూ దక్కేలా పెట్టుకున్న అంతర్జాతీయ ఏర్పాటు అది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన 6 లక్షల డోసులు. ప్రపంచమంతా ఆ విమానం ఫొటో కోసం చూస్తోంది. ఆ రోజు మా రాతల్లో ఎక్కడా ‘అందాయి’ అని లేదు. ‘చేరాయి’ అనే రాశాం. మార్చి 1న అక్కడ టీకాలు వేయడం మొదలయ్యాకే మూడో మాట వాడాం. ఆ ఐదు రోజులు నాకు నిద్ర సరిగ్గా లేదు.

తర్వాత వచ్చిన ఏప్రిల్, మే నెలల గురించి రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. మన దేశంలో సెకండ్ వేవ్. ఎగుమతులు ఆగిపోయాయి. ఆఫ్రికా విలేకరులు ఇండియా నుంచి డోసులెప్పుడొస్తాయని అడిగేవాళ్లు. అదే గంటలో నా వాట్సాప్‌లో ఊరి నుంచి ఆక్సిజన్ బెడ్ ఎక్కడైనా ఉందా అక్కా అని మెసేజ్‌లు. మా మేనమామ ఆ మేలోనే పోయాడు. వీడియోలోనే చూశాను. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మళ్లీ మీటింగ్‌లో కూర్చున్నాను. మన దేశం మీద ఒక్క కోపపు మాట లేకుండా, అదే సమయంలో లోటును దాచకుండా జవాబులు రాయాలి. ఆ మే నెలలో అప్పటి యూనిసెఫ్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ హెన్రియెటా ఫోర్ ఉన్నదున్నట్టు చెప్పారు. త్వరలో కోవాక్స్ 6.5 కోట్లవ డోసు ఇవ్వబోతోంది, అది కనీసం 17 కోట్లవది అయి ఉండాల్సింది అని. అందినదీ, అందాల్సి ఉండి అందనిదీ ఒకే వాక్యంలో. చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. చేసినదాన్ని చెప్పుకునే ప్రకటనలు ఎన్నో రాశాను. చేయలేకపోయినదాన్ని అంకెతో సహా చెప్పడం ఎలాగో ఆ రోజు చూశాను.

2022లో నేను తిరిగి వచ్చేయాలని నిర్ణయించుకున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. ఆ మేలోనే ముడిసరుకుల ధరలు పెరిగి ఆర్‌యూటీఎఫ్ ధర ఆరు నెలల్లో 16 శాతం దాకా పెరగొచ్చని యూనిసెఫ్ హెచ్చరించింది. దాని మీద పని చేస్తూనే, చివరి నెలల్లో దేశాల్లో ఉన్న మా వాళ్లను ఒకటి అడుగుతూ వచ్చాను. విమానం ఫొటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, ఖాళీ ప్యాకెట్ల ఫొటో ఒక్కటి పంపండి అని. చాలా చోట్ల తల్లులు వాడేసిన ప్యాకెట్లు తర్వాతి వారం సెంటర్‌కు తిరిగి తెస్తారు. అవి లెక్కపెట్టి కొత్తవి ఇస్తారు.

నైజర్ నుంచి ఒకటి వచ్చింది. చాప మీద ఖాళీ ప్యాకెట్లు, ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్డ పీలికతో కట్టి ఉన్నాయి. పక్కన ఒక ఆడమనిషి చెయ్యి, గాజులు. ముఖం లేదు. ప్రతి ప్యాకెట్ మూలా ఒకే కొలతలో చించి ఉంది. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకుని, అంచులు చూస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది.

"పద్దెనిమిది ఉండాయి పాపా. ఎన్ని ఇచ్చినారు?"

"బిడ్డ బరువును బట్టి వారానికి ఇరవై అమ్మా."

"అయితే ఇంట్లో ఇంకో పిల్లోడు ఉండాడు. వానికీ పెట్టింటుంది. ఆ రెండూ తెచ్చి చూపిచ్చేదానికి భయపడింటుంది."

మర్నాడు నైజర్‌కు ఫోన్ చేసి అడిగాను. అవును, నాలుగేళ్ల అన్న ఉన్నాడట. వచ్చే వారం వాణ్నీ తీసుకురమ్మని ఆమెకు చెప్పారు. తీసుకొచ్చింది. జబ్బకు రంగుల కొలత పట్టీ చుట్టి కొలిస్తే పసుపు దగ్గర ఆగింది. అంటే వాడికీ ఓ మోస్తరు పోషకాహార లోపం ఉన్నట్టే. ఫొటో కింద 20 ప్యాకెట్లు అందాయని అప్పటికే రాసి పెట్టుకున్నాను. దాన్ని కొట్టేసి 18 అని రాసి, మిగతా రెండూ ఎవరు తిన్నారో కూడా రాశాను.